రానని చెప్ప...

మార్చి 3, మంగళవారం

టికెట్లు దొరికాయి. రెండు, పక్కపక్కనే, నాలుగో వరుసలో. అన్నయ్య కరెంటాఫీసులో పని పక్కన పెట్టి పొద్దున పదింటి నుంచి ఫోన్ నొక్కుతూనే ఉన్నాడట. పదకొండుకి దొరికాయని నాకు ఫోన్ చేశాడు. "ఒసేయ్ పిప్పీ, నాలుగో వరుసే" అన్నాడు.   కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబులో పని నాది. అందుకని వాడికి నేను పిప్పిపన్నుని. నలభై ఏళ్ళొచ్చినా అదే పిలుపు.

మావాళ్ళు వస్తున్నారు. ఈ నెల ఇరవై ఎనిమిదిన, ఈ ఊరికే, పాడటానికి. ఆ బ్యాండుకో పేరుంది కానీ మేమిద్దరం ఏనాడూ ఆ పేరుతో అనుకోలేదు. సొంత చుట్టాలని కూడా ఎప్పుడూ ఇంత గట్టిగా మావాళ్ళు అనలేదు మేము.

ఇరవై ఆరేళ్ళు. అప్పుడు నాకు పద్నాలుగు, వాడికి పదిహేడు. మేడ మీద అద్దెకుండే టైపిస్టు దగ్గర మావాళ్ళ పాటల క్యాసెట్టు ఒక్కరోజుకని అడిగి తెచ్చి, అన్నయ్య ఒక ఖాళీ టేపులోకి ఎక్కించాడు. పాటలు ఎక్కువ, టేపు తక్కువ. చివరి పాట మధ్యలో టేపు అయిపోయింది. "వానలో ఆగిపోయాను, రానని చెప్ప" టక్. అంతే. మర్నాడు టైపిస్టు ఇల్లు ఖాళీ చేసి క్యాసెట్టుతో సహా వెళ్ళిపోయాడు.

రానని చెప్ప తర్వాత ఏమిటి? నేను "చెప్పకు" అన్నాను. వాడు "చెప్పలేను" అన్నాడు. ఆ ఒక్క మాట మీద జుట్లు పట్టుకున్నాం. చివరికి ఒట్టు పెట్టుకున్నాం. మిగతా పాట మావాళ్ళ నోటి నుంచే, ఎదురుగా నిలబడి, ఇద్దరం కలిసి వినాలి. అప్పటిదాకా ఎక్కడ వినిపించినా చెవులు మూసుకోవాలి.

మూసుకున్నాం. తర్వాత ఆ పాట పెద్ద హిట్టయి బస్సుల్లో, బట్టల షాపుల్లో, ఫోను రింగుల్లో మోగింది. ఒకసారి స్టాపు రాకముందే బస్సు దిగేశాను. ఇంకోసారి ల్యాబు రేడియోలో వస్తే చేతిలో ఉన్న మైనం ముద్దల్ని చెవుల్లో కుక్కుకున్నాను. ల్యాబు నడిపే పెద్దాయన అది ఎవరి దవడకి పెట్టాల్సిన మైనమో చెప్పి మరీ తిట్టారు. పెళ్ళయిన కొత్తలో మా ఆయన స్నానాల గదిలో ఆ పాట ఈల వేస్తుంటే తలుపు బాదాను. పాపం, ఆయన ఇప్పటికీ ఈల వేయడు.

మావాళ్ళు మనవైపు వచ్చింది ఒక్కసారే, పదకొండేళ్ళ క్రితం, ఆరు గంటల దూరంలో ఉన్న ఊరికి. సరిగ్గా అదే రోజు అమ్మకి కంటి ఆపరేషను. అన్నయ్యకి అదే రోజు ఆఫీసు ట్రైనింగు. నేను గంటకోసారి అమ్మ కంట్లో చుక్కలు వేస్తూ కూర్చున్నాను. ఫోన్లో వాణ్ణి నేనే ఓదార్చాను. "పోనీలేరా, ఎప్పటికైనా ఇద్దరం కలిసే వెళ్దాం" అన్నాను. ఆ మరుసటి వారం వాడొచ్చి, "నీదే కరెక్టయ్యుంటుందిలేవే, చెప్పకు" అని ఓటమి ఒప్పుకున్నాడు. పదిహేనేళ్ళ వాదన అలా గెలిచాను.

ఇంకా ఇరవై ఐదు రోజులు. నిద్ర పట్టేలా లేదు.

మార్చి 5, గురువారం

పెద్దాయన ఇరవై ఎనిమిదిన సగంరోజు సెలవిచ్చారు. "ఏ పెళ్ళమ్మా?" అని అడిగారు. పెళ్ళికి నేను ఇంత సంబరపడతానా.

మార్చి 6, శుక్రవారం

సాయంత్రం వదిన ఫోన్ చేసింది. ఆ మాటా ఈ మాటా అయ్యాక, "ఈసారి మీకు ముందు వరుసలొచ్చాయట కదమ్మా. పోయినసారి మాకు చిట్టచివర. మనుషులు చీమల్లా కనిపించారు" అంది.

 ఆ వెంటనే, "పొయ్యి మీద పాలు పెట్టానమ్మా" అని పెట్టేసింది.

మార్చి 7, శనివారం

పోయినసారి అంటే ఇంకేదో అయ్యుంటుంది. వదినకి సర్కసు ఇష్టం. సర్కసులో చిట్టచివర కూర్చుంటే మనుషులు చీమల్లాగే కనిపిస్తారు.

మార్చి 8, ఆదివారం

సర్కసే.

మార్చి 9, సోమవారం

ఆ ట్రైనింగు ఏ ఊళ్ళో జరిగిందో వాడు అప్పుడు చెప్పాడా? ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు. నేను అడిగానా? అడగలేదు. ఎందుకడుగుతాను. మన అన్నయ్య ట్రైనింగుకి వెళ్తున్నానంటే మనం ఊరి పేరు అడుగుతామా.

సర్కసే అయ్యుంటుంది.

మార్చి 15, ఆదివారం

డ్రిల్లింగు మిషను కావాలని వంక పెట్టుకుని అన్నయ్య ఇంటికి వెళ్ళాను. వాడు బజారుకి వెళ్ళాడు. వదిన లోపల ఉంది. వాకిట్లో స్కూటరు, దాని హ్యాండిలుకి తగిలించి బండి తుడిచే గుడ్డ. నల్లది. ఆరబెట్టిన చేపలా బిగుసుకుపోయి ఉంది. దాని మీద అక్షరాలు కనిపించి చేతిలోకి తీసుకున్నాను.

టీషర్టు. ముందు మావాళ్ళ పేరు. వెనక ఆ ఏడాది వాళ్ళు తిరిగిన ఊళ్ళు, తారీఖులు, వరసగా అచ్చు వేసి ఉన్నాయి. పైనుంచి ఏడోది ఆ ఊరు. ఆ తారీఖు నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. అమ్మకి కంటి ఆపరేషను అయిన రోజు.

ఇలాంటివి ఆ హాలు బయట, ఆ రోజు మాత్రమే అమ్ముతారు. నాకు తెలుసు. ఎన్నిసార్లు అనుకున్నాను, మేమిద్దరం వెళ్ళినప్పుడు ఒకేలాంటివి రెండు కొనుక్కోవాలని.

కొనుక్కున్నాడు. తొడుక్కున్నాడు. పాతబడ్డాక దాంతో స్కూటరు తుడుస్తున్నాడు.

మిషను తీసుకున్నాను. గుడ్డ కూడా సంచిలో పెట్టుకున్నాను. వదిన గుమ్మంలో నిలబడి చూసింది.   మిషను ఎందుకు తెచ్చావని మా ఆయన అడిగితే గోడకి మేకు కొట్టాలన్నాను. ఏ గోడకి అన్నాడు. అన్ని గోడలకీ అన్నాను.

మార్చి 16, సోమవారం

ఒళ్ళు మండిపోతోంది. వాడు నన్ను మోసం చేశాడన్నది ఒకటి. అది ఎలాగో మింగుతాను. కానీ వాణ్ణి ఓదార్చాను చూడు, అది మింగుడుపడటం లేదు. ఒక చేత్తో అమ్మ రెప్ప పైకెత్తి చుక్క వేస్తూ, భుజానికీ చెవికీ మధ్య ఫోన్ ఇరికించుకుని, "బాధపడకురా, మనకి రాసిపెట్టి లేదు" అన్నాను. అప్పుడు వాడెక్కడున్నాడు? టికెట్ల వరసలో ఉన్నాడా? వెనకాల జనం గోల వినిపించింది. ట్రైనింగులో టీ టైమేమో అనుకున్నాను. నా అంత వెర్రిబాగుల్ది ఇంకోటి ఉండదు.

అమ్మ కూడా వాణ్ణే వెనకేసుకొచ్చింది. "వాడి ఉద్యోగం అలాంటిదే, నువ్వు ఊరికే వాణ్ణి విసిగించకు" అంది. అమ్మ పోయి నాలుగేళ్ళయింది, ఈ సంగతి తెలియకుండానే పోయింది. మంచిదే అయింది.

కోపంతో పళ్ళు నూరడం అంటారు. నాకది జీతమొచ్చే పని. ఈ రోజు పై వరస ఒకటి నూరుతూ నూరుతూ దవడ పన్ను ఒకటి చదును చేసి పారేశాను. పెద్దాయన దాన్ని వెలుతురుకి పెట్టి చూశారు. "అమ్మా, ఇది రిటైరైన డ్రాయింగు మాస్టారి పన్ను. నీకు కోపం ఎవరి మీదో ఆయన పళ్ళు అచ్చు తీసి తెచ్చుకో, నూరుకుందువు గాని" అన్నారు. నవ్వొచ్చింది. నవ్వినందుకు ఇంకా మండింది.

మార్చి 18, బుధవారం

మధ్యాహ్నం అన్నయ్య ల్యాబుకి వచ్చాడు, టికెట్లు ఇచ్చే నెపంతో. వదిన చెప్పే ఉంటుంది. నేను పళ్ళ అచ్చులకి ప్లాస్టరు కలుపుతున్నాను. తల ఎత్తలేదు.

"గుడ్డ పట్టుకెళ్ళావట" అన్నాడు.

"నీ బండి మురికైపోతోందా?"

 స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "వెళ్ళాను. చెప్పాల్సింది."

"ఎప్పుడు? ఇరవై ఎనిమిదిన నాలుగో వరుసలో కూర్చున్నాకా? మొదటిసారి వింటున్నట్టు నా పక్కన నటించేవాడివా?"

"అది కాదే."

"ఏది కాదు? ఎందుకెళ్ళావురా?"

"వెళ్ళాలనిపించింది."

"నాతో వెళ్ళాలనిపించలేదా?"

అప్పుడన్నాడు. ఉన్నది ఉన్నట్టు రాసుకుంటున్నాను, రేపు నేనే మార్చుకోకుండా. "నీతో వెళ్తే పాట వినడం కుదరదే. నువ్వు పాట వినవు, నన్ను చూస్తావు. చిన్నప్పటి నుంచీ అంతే. టేపు పెట్టగానే నా మొహంలోకి చూస్తూ కూర్చుంటావు. నాకు నచ్చిందా, నవ్వానా, కళ్ళు చెమర్చాయా అని. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, ఎవరూ చూడకుండా వినాలనిపించింది."

ప్లాస్టరు గిన్నెలోనే గడ్డకట్టిపోయింది. 

"మరి వదిన?"

"ఆవిడ నిద్రపోయింది."

"సరే. విన్నావుగా. ఆ మాట ఏమిటి?"

"ఏ మాట?"

"రానని చెప్ప."

నా మొహంలోకి చూశాడు. తర్వాత నేలవైపు చూశాడు. "గుర్తులేదు" అన్నాడు.

గుర్తులేదు. బస్సులోంచి దిగిపోయి మండుటెండలో నడుచుకుంటూ వెళ్ళాను నేను ఆ మాట కోసం. వీడు పదకొండేళ్ళ క్రితమే వినేసి, మర్చిపోయాడు కూడా.

"బయటికి పో" అన్నాను. పెద్దాయన ముందే అన్నాను. టికెట్లు రెండూ బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

వాడు వెళ్ళిన గంటకి ఇంకోటి తట్టింది. ఓడిపోయానని వాడు ఒప్పుకుంది ఆ మరుసటి వారమే కదా. అంటే అప్పటికే విని వచ్చాడు. నాది తప్పని తెలుసు. తెలిసే జాలిపడి వదిలేశాడు. నేను గెలిచానని ఇన్నేళ్ళు ఊరేగాను.

మార్చి 19, గురువారం

వెళ్ళను.

మార్చి 20, శుక్రవారం

వెళ్ళనంటే వెళ్ళను.

మార్చి 22, ఆదివారం

ఎందుకు వెళ్ళకూడదు? తప్పు చేసింది వాడు. శిక్ష నాకా? నేను వెళ్తాను. రెండో టికెట్టు ఇంకెవరికైనా ఇస్తాను. మా ఆయన్ని అడిగితే, "నన్నా? ఆ పాట దగ్గర నువ్వు నా నోరు మూస్తే?" అన్నాడు. పెద్దాయన్ని అడుగుదామా అనుకున్నాను. ఆయనకి ఎడమ చెవి వినపడదు, కుడి చెవి వినడం ఇష్టం లేదు.

మార్చి 24, మంగళవారం

పెద్దాయన రానన్నారు. "ఇరవై ఏళ్ళుగా పళ్ళ మిషను వింటున్నాను, చాలమ్మా" అన్నారు. అని ఊరుకోలేదు. "మీ అన్నయ్య మొన్న ల్యాబు బయట చెప్పులేసుకోవడానికి పావుగంట పట్టింది" అన్నారు.

నేనేం చేయను. చెప్పులేసుకోవడం రాకపోతే నేర్చుకోమనండి.

మార్చి 26, గురువారం

వాడి టికెట్టు మా ఆయనతో కరెంటాఫీసుకి పంపించాను. ఇంకెవరూ దొరక్క పంపించాను, అంతే. ఒక కాగితం మీద "పక్కన కూర్చో. మాట్లాడకు." అని రాసిచ్చాను. వాడు చదివి జేబులో పెట్టుకున్నాడట.

కోపం తగ్గిపోయింది. నిజంగానే. ప్రశాంతంగా ఉంది.

మార్చి 27, శుక్రవారం

డ్రిల్లింగు మిషనుతో వంటింటి గోడకి పదమూడు బెజ్జాలు పెట్టాను. మా ఆయన చూసి, అందులో ఏవైనా తగిలిస్తావా అని అడిగాడు. ఆలోచిస్తానన్నాను.

మార్చి 29, ఆదివారం, పొద్దున

నిన్నటిది నిన్ననే రాయాల్సింది. చేతకాలేదు.

ప్రోగ్రాం నాలుగింటికి. నేను మూడున్నరకే నాలుగో వరుసలో ఉన్నాను. వాడు నాలుగుకి ఐదు నిమిషాలుండగా వచ్చాడు. ఇస్త్రీ చేసిన చొక్కా, జేబులో నా కాగితం. కూర్చున్నాడు. మాట్లాడలేదు. ఇద్దరి మధ్య కుర్చీ చెయ్యి ఒకటే ఉంది. వాడూ పెట్టలేదు దాని మీద చెయ్యి, నేనూ పెట్టలేదు.

దీపాలు ఆరిపోయాయి. డ్రమ్ము మొదటి దెబ్బ పడింది. చెవిలో కాదు, పక్కటెముకల్లో పడింది. ఇది నాకు ఎవరూ చెప్పలేదు. చిన్న స్పీకరులో ఇరవై ఆరేళ్ళు విన్నదంతా తలుపు సందులోంచి విన్నట్టే లెక్క. బొంగురాయన వచ్చాడు. పాడేవాడికి మేం పెట్టుకున్న పేరది. జుట్టంతా తెల్లబడింది, మోకాలికి పట్టీ ఉంది, పొట్ట వచ్చింది. గొంతు మాత్రం అదే. మొదటి పాట ఎత్తుకోగానే నాకు ఏడుపు ముంచుకొచ్చింది. ఎంత కోపం వచ్చిందో నాకే తెలుసు. ఇంత సంతోషాన్ని ఇన్నేళ్ళు దాచుకుని, చివరికి పక్కవాడి మీద మంటతో కలిపి మింగాల్సి వచ్చింది. వీడు నాకు అది కూడా సరిగ్గా మిగల్చలేదు.

ప్రతి పాటా పాడాను. వాడూ పాడాడు. ఒకరినొకరు చూసుకోలేదు. టేపు కాస్త నలిగిన చోట ఒక పాటలో మాట సాగినట్టు వినిపించేది మాకు. అక్కడ ఇద్దరం ఒకేలా సాగదీశాం. ముందు వరుసలో ఒకావిడ వెనక్కి తిరిగి చూసింది. అయినా మేం చూసుకోలేదు.

రెండు గంటల తర్వాత చివరి పాట. గిటారు మొదలవగానే హాలంతా ఒక్కసారి లేచి నిలబడింది. నేనూ లేచాను. అప్పుడు పక్కన ఖాళీ. చూస్తే అన్నయ్య వంగి, మోకాళ్ళు తప్పించుకుంటూ బయటికి వెళ్ళిపోతున్నాడు.

అరికాలి మంట నెత్తికెక్కింది. ఒకసారి వినేసినవాడికి ఇంక అవసరమేముంది, బండి తాళాలు వెతుక్కోవడానికి పోతున్నాడు. ఇరవై ఆరేళ్ళు ఎదురుచూసిన పాట వెనకాల మొదలవుతోంది. నేను దానికి వీపు చూపించి వాడి వెంట పడ్డాను.

బయట పొడుగాటి వరండా. ఒక చివర మూసేసిన టీ కౌంటరు, ఇంకో చివర ఒకావిడ తడిబట్టతో నేల తుడుస్తోంది. వాడు మధ్యలో గోడ పక్కన నిలబడి ఉన్నాడు.

"ఏరా, రెండోసారి వినడానికి ఒళ్ళు బరువైందా?"

"నువ్వెందుకొచ్చావే? లోపలికి పో, పాట అయిపోతుంది."

"పోను."

మొదలుపెట్టాను. ఇన్ని రోజులుగా పళ్ళ బిగువున పట్టుకున్నదంతా. నేల తుడిచే ఆవిడ తుడవడం ఆపేసింది. "గుర్తులేదన్నావు. నేను చెవుల్లో మైనం పెట్టుకున్నాను, నువ్వు గుర్తులేదన్నావు. కొన్న చొక్కాతో బండి తుడిచావు. ట్రైనింగన్నావు. అమ్మ కంట్లో చుక్కలు వేస్తూ నీకోసం బాధపడ్డానురా నేను, ట్రైనింగన్నావు..."

"వినలేదే" అన్నాడు.

"ఏమిటి వినలేదు?"

"చివరి పాట. అప్పుడూ ఇలాగే లేచొచ్చేశాను. మీ వదినని సీట్లోనే నిద్రపోనిచ్చి, బయటికొచ్చి చెవులు మూసుకుని నిలబడ్డాను. అది ఒక్కటీ నీ వాటా కదా. వినడానికి మనసొప్పలేదు."

"మరి ల్యాబులో ఎందుకు చెప్పలేదు?"

"వినలేదంటే నమ్మేదానివా? ప్లాస్టరు గిన్నె నా నెత్తిన వేసేట్టున్నావు."

"ఓడిపోయానని ఎందుకన్నావు?"

"తప్పు చేశాను కదా. నీకేదైనా ఇవ్వాలనిపించింది. నా దగ్గర అదొక్కటే ఉంది."

"సరిగ్గా మోసం చేయడం కూడా రాదురా నీకు" అన్నాను. నమ్మలేదు నేను. పదకొండేళ్ళు అబద్ధమాడినవాడు ఇంకో అబద్ధం ఆడలేడా. "అయితే ఇప్పుడెందుకు బయటికొచ్చావు? ఇప్పుడు వినొచ్చుగా?"

"నువ్వు పక్కన కూర్చోమన్నావు. కలిసి వినమనలేదు."

అంతలో లోపల వాయిద్యాలన్నీ ఆగిపోయాయి. బొంగురాయన పాట జనానికి వదిలేసినట్టున్నాడు. తలుపుల అవతల హాలు హాలంతా పాడుతోంది. వానలో ఆగిపోయాను. ప్రతి మాటా వరండాలోకి స్పష్టంగా వస్తోంది.  తలుపువైపు తిరగాలి కదా. తిరగలేదు. వాడి మొహంలోకే చూశాను.

రానని చెప్పనేలేదు.

రానని చెప్పనేలేదు. వేలమంది ఒక్క గొంతుతో.

వాడి నోరు తెరుచుకుని ఉండిపోయింది. కనుబొమలు పైకి లేచాయి. "నేలేదు" అని పెదాలు తమలో తాము అనుకున్నాయి, ఇంకోసారి అనుకున్నాయి. తెలిసిన మాట విన్నప్పుడు వాడి మొహం ఎలా ఉంటుందో నాకు తెలుసు, కొత్త మాట విన్నప్పుడు ఎలా ఉంటుందో తెలుసు. ఆ మొహం చూడకుండా వినడానికే కదా వాడు అంత దూరం పోయింది. అది అబద్ధం ఆడే మొహం కాదు. వాడు నిజంగానే వినలేదు.

పాట ఇంకా చాలా ఉంది. అంత ఉందని మాకు తెలియదు. వరండాలో నిలబడి చివరిదాకా విన్నాం. తడిబట్ట పట్టుకున్న ఆవిడ కూడా వింది.

అయిపోయాక వాడు ముక్కు తుడుచుకుని, "ఇద్దరిదీ తప్పే" అన్నాడు.

"నువ్వు మాట్లాడకు" అన్నాను.

తలుపులు తెరుచుకుని జనం బయటికి రావడం మొదలైంది. వాళ్ళకి దారి వదులుతూ ఇద్దరం గోడకి జరిగాం. వాడు నావైపు చూడకుండా అడిగాడు.

"తిట్టడం అయిపోయిందా?"

"అవలేదు."

"ఎక్కడ ఆపావు?"

"ట్రైనింగు దగ్గర."

"సరే, కానీ" అని గోడకి ఆనుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అక్కడి నుంచే మొదలుపెట్టాను.